నేరేళ్లలంక స్వపరిపాలన చర్చలు

ఆ సంవత్సరాన్ని మా ప్రభుత్వం స్వపరిపాలనా సంవత్సరంగా ప్రకటించింది. దాంతో కంటికి కనిపించిన ప్రతిదానికీ స్వపరిపాలన ఇవ్వడం మొదలైంది. బస్టాండ్లకు ఇచ్చారు. హాస్టళ్లకు ఇచ్చారు. ఒక జిల్లాలో పశువుల సంతకు కూడా ఇవ్వబోయి, పాలకవర్గంలో పశువుల తరఫున ఎవరు కూర్చోవాలన్న తగువు తెగక ఆపేశారు. ఇవ్వడానికి ఇంకేమీ మిగల్లేదని అందరూ దిగులుపడుతున్న వేళ, శాసనసభ గ్రంథాలయంలో పాత చట్టాలకు బూజు దులుపుతున్న ఒకాయనకు మా శాఖ కనిపించింది.

మాది లంకల ధర్మకర్తృత్వ శాఖ. ఇలాంటి శాఖ ఒకటుందని ప్రభుత్వానికి తెలియకపోవడంలో వింతేమీ లేదు, అందులో చేరేదాకా నాకూ తెలియదు. తెల్లదొరల కాలంలో గోదావరి మధ్యనున్న మూడు లంకల కోసం ఇద్దరు జమీందార్లు కోర్టుకెక్కారు. ఆ తగువు తీరేలా లేదని తేలాక, లంకల జనం తమను తాము ఏలుకునేంత పెద్దవాళ్లయ్యేదాకా వాటిని తామే ట్రస్టుగా చూసుకుంటామని దొరలు ఒక చట్టం చేశారు. తర్వాత దొరలు వెళ్లిపోయారు. జమీందార్లూ వెళ్లిపోయారు. ఒక లంక వరదలో కొట్టుకుపోయింది, ఇంకొకటి ఇసుక మేటవేసి ఒడ్డులో కలిసిపోయింది. మిగిలిన నేరేళ్లలంకా, చట్టమూ మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ లంకకు పంచాయతీ లేదు, సర్పంచి లేడు. వీధిదీపం కావాలన్నా ధర్మకర్త అనుమతి కావాలి. ఆ ధర్మకర్త ప్రభుత్వం.

"స్వాతంత్య్రం వచ్చి ఇన్నేళ్లయినా మన గోదావరిలో ఒక పరాధీన భూభాగమా!" అని సభ హోరెత్తింది. అధికార పక్షం బల్లలు చరిచింది. ప్రతిపక్షం ఇంకా గట్టిగా చరిచింది. నేరేళ్లలంకకు వెంటనే స్వపరిపాలన ఇవ్వాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. 'వెంటనే' అంటే ఎప్పుడో పరిశీలించడానికి ఒక సభాసంఘాన్ని వేశారు.

మర్నాడే న్యాయశాఖ కార్యదర్శి వెంపరాల దక్షిణామూర్తి గారు నన్ను పిలిపించారు. చట్టమంటే ఆయనకు ఎంత గౌరవమంటే, ఆ పుస్తకాలున్న బీరువాకు వీపు చూపించి కూర్చోరు. అందుకని గదిలోకి వచ్చినవాళ్లతో పక్కకు తిరిగి మాట్లాడతారు.

"చూడు సుందరేశం, ధర్మకర్తృత్వ చట్టం ప్రకారం స్వపరిపాలన అనేది ఇచ్చేది కాదు. ఉభయ పక్షాల ప్రతినిధుల మధ్య చర్చల ద్వారా సంక్రమించేది. ప్రభుత్వ పక్షాన నువ్వుంటావు. లంక పక్షాన ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధి ఉండాలి."

"అయితే ఎన్నిక పెట్టిద్దామా అండీ?"

"ఎలా పెడతావయ్యా? స్వపరిపాలన లేని చోట స్థానిక ఎన్నిక చెల్లదు."

"పోనీ స్వపరిపాలన ఇచ్చేసి, తర్వాత..."

"ప్రతినిధి లేకుండా ఎలా ఇస్తాం?"

ఇద్దరం కాసేపు ఆ చిక్కును భక్తిగా చూస్తూ ఉండిపోయాం. చివరికి దక్షిణామూర్తి గారి ముఖం వెలిగింది. "మైనరు తరఫున ఎవరు మాట్లాడతారు? సంరక్షకుడు. లంకకు సంరక్షకుడెవరు? ప్రభుత్వం. కాబట్టి ప్రభుత్వంతో చర్చించడానికి లంక ప్రతినిధిని ప్రభుత్వమే నియమిస్తుంది!"

పోస్టు మంజూరైంది. అయితే ఆ పోస్టుకు జీపు లేదు, పడవ ఉంది. అందుకని ఎవరూ రాలేదు. ఖాళీగా ఉన్న పోస్టును ప్రభుత్వం ఏం చేస్తుందో ఉద్యోగం చేసిన ప్రతివాడికీ తెలుసు. పక్క కుర్చీవాడికి పూర్తి అదనపు బాధ్యతలు అప్పగిస్తుంది. పక్క కుర్చీలో ఉన్నది నేను. నేరేళ్లలంక ప్రజల ప్రతినిధిగా పూర్తి అదనపు బాధ్యతలు ముక్కామల సుందరేశానికి అప్పగించడమైనదని ఆ సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. ఇక నాతో నేను చర్చలు జరపాలి.

ఇది విని నవ్వేవాళ్లున్నారు. వాళ్లు ఆ పని చేసి చూడాలి.

మొదటి సమావేశానికి బల్లకు అటూ ఇటూ కుర్చీలు వేయించాను. కిటికీ వైపుది ప్రభుత్వం కుర్చీ, దానికి చేతులున్నాయి. తలుపు వైపుది లంక కుర్చీ, దానికి లేవు. ఏ మాట ఎవరిదో తెలియక మినిట్స్ రాసే గుమాస్తా నూకరాజు తికమకపడుతున్నాడని, లంక కుర్చీలో కూర్చునేటప్పుడు భుజాన కండువా వేసుకునే ఏర్పాటు చేశాను.

ప్రభుత్వం కుర్చీలో కూర్చుని, "లంక ప్రజల ఆకాంక్షల పట్ల ప్రభుత్వం సానుభూతితో ఉంది" అన్నాను. లేచి, బల్ల చుట్టూ తిరిగి, కండువా వేసుకుని అటు కూర్చుని, "సానుభూతి మాకు పాతదే. కొత్తదేమైనా ఉంటే సెలవివ్వండి" అన్నాను. జవాబు అంత ఘాటుగా వస్తుందని నేను అనుకోలేదు. తిరిగి ప్రభుత్వం కుర్చీలోకి వచ్చేసరికి నాకు నిజంగానే ఒళ్లు మండింది.

తలుపు దగ్గర ఎవరో ఫక్కున నవ్వారు. చూస్తే నలభై దాటిన ఒక ఆడమనిషి, చంకన అరటిగెలతో నిలబడి ఉంది.

"గుత్తుల వీరవేణంటారండి నన్ను. నేరేళ్లలంకండి మాది. లంక తరపున మాట్టాడేవోరు ఈ ఆఫీసులో ఉంటారంటే వచ్చేనండి."

"నేనే."

"మరి గవర్నమెంటు తరపునెవరండి?"

"అదీ నేనే."

ఆవిడ నన్నూ, రెండు కుర్చీలనూ మార్చి మార్చి చూసింది. "ఇప్పుడెవరండి తమరు?"

"ఇప్పుడు గవర్నమెంటు."

"అయితే తమరు అటేపు కూకున్నాక చెప్తానండి" అని గెల దించి గుమ్మంలోనే చతికిలబడింది.

నేను కండువా వేసుకుని అటు వెళ్లాను. అప్పుడు చెప్పింది.

"మాకు స్వపరిపాలనో ఏదో ఇత్తన్నారంటండి. ఇత్తే మంచిదేనండి. కానండి, అదొచ్చేదాకా లంకంటూ ఉండాలి కదండి. తూరుపేపు గోదారి కోసేత్తందండి బాబూ. ముందటేడు మా కొబ్బరి చెట్లు ఎల్లిపోయాయండి. పోయినేడు వరదకి పశువుల పాక ఎల్లిపోయిందండి. ఇప్పుడు గోదారికీ మా ఇంటికీ మధ్యన పెరడొకటే మిగిలిందండి. నా మొగుడు కట్టిన ఇల్లండి, ఆయన లేడు, ఇల్లే ఉంది. ఒడ్డున కాసిన్ని రాళ్లు పోయించండి, మీకు పుణ్యముంటది."

నాకు జాలేసింది. లంక ప్రతినిధిగా అది నా విధి కూడా. బల్ల గుద్ది, తూర్పు ఒడ్డున తక్షణం రాళ్లు పోయించాలని ప్రభుత్వాన్ని నిలదీశాను. తర్వాత లేచి ఇటు వచ్చి, కండువా తీసి, చట్టం చదివాను. ధర్మకర్త ట్రస్టు ఆస్తిని ఏ రూపంలో స్వీకరించాడో ఆ రూపంలోనే అప్పగించాలి, దానికి ఒక రాయి చేర్చరాదు, దాని నుంచి ఒక రాయి తీయరాదు.

"పోనీ మేవే పోసుకుంటావండి" అంది వీరవేణి.

"ఒడ్డు కట్టడం పరిపాలన కిందకు వస్తుందమ్మా. స్వపరిపాలన రాకుండా పరిపాలన చేస్తే శిక్ష పడుతుంది."

"మరి గోదారి మట్టంతా ఎత్తుకుపోతంది కదండి. దానికి శిక్ష లేదాండి?"

"గోదావరి ఈ చట్టం పరిధిలోకి రాదు."

"అదృష్టవంతురాలండి" అంది వీరవేణి.

ఆ రోజు నుంచి చర్చలు ముమ్మరమయ్యాయి. లంక ప్రతినిధిగా రాసిన ఉత్తరాలకు ప్రభుత్వ ప్రతినిధిగా జవాబివ్వడం ఆలస్యమైతే నాకు నేనే రిమైండర్లు పంపుకున్నాను. రిమైండర్లలో వాడిన భాష గౌరవంగా లేదని నాకు నేనే మెమో ఇచ్చుకున్నాను. మెమోకు నేనిచ్చిన సంజాయిషీ నాకు తృప్తి కలిగించలేదు. నూకరాజు అన్నీ తపాలా సంచిలో వేసి, హాల్లో ఒక చుట్టు తిరిగి వచ్చి మళ్లీ నా బల్ల మీదే పెట్టేవాడు. పద్ధతి అంటే పద్ధతే.

అన్నిటికంటే పీటముడి అర్హత దగ్గర పడింది. స్వపరిపాలన పొందడానికి జనం తమ పరిపాలనా సామర్థ్యాన్ని రుజువు చేసుకోవాలి. వీరవేణి ఎగిరి గంతేసినంత పని చేసింది. "మాకేం తక్కువండి! రేవు పడవ వంతులేసుకుని మేవే నడుపుతావండి. నుయ్యి మేవే పూడిక తీసుకుంటావండి. మొగుడూ పెళ్లాలు కొట్టుకుంటే సర్ది చెప్పేది కూడా మేవేనండి" అంది. ఆ వివరాలన్నీ లంక పక్షాన గర్వంగా దాఖలు చేశాను. అటు నుంచి ఇటు వచ్చి చదివితే గుండె ఆగినంత పనైంది. అనుమతి లేకుండా పడవ నడపడం, నుయ్యి బాగు చేయడం, తగువులు తీర్చడం, ప్రతిదీ నేరమే! మొత్తం లంక మీద కేసు పెట్టాలి. చివరికి ఆ దాఖలు పత్రాన్ని ఉపసంహరించుకుని, మా ప్రజలకు ఏదీ చేతకాదని ఇంకొకటి దాఖలు చేసి వాళ్లను జైలు తప్పించాను. అర్హత మాత్రం రుజువు కాలేదు.

అయినా సభ మంచి ఊపు మీదుంది కనుక, అర్హత సంగతి తర్వాత చూసుకోవచ్చని బిల్లు తయారు చేశారు. బిల్లుకు అనుబంధంలో లంక విస్తీర్ణం ఉండాలి. సర్వేవాళ్లు వెళ్లి కొలిచి తెచ్చారు. బిల్లు అచ్చయ్యేలోపు తూర్పున మరికొంత నేల గోదావరిలోకి జారింది. విస్తీర్ణం తప్పు పడిందని సభ తిప్పి పంపింది. మళ్లీ కొలిచారు, మళ్లీ అచ్చు వేశారు, మళ్లీ జారింది.

"లేని భూమికి స్వపరిపాలన ఇచ్చినట్టవుతుంది సుందరేశం. రాజ్యాంగం ఒప్పుకోదు" అన్నారు దక్షిణామూర్తి గారు.

"రాళ్లు పోస్తే కోత ఆగుతుందండీ."

"స్వపరిపాలన వచ్చాక పోసుకోమను."

"కోత ఆగితే గాని స్వపరిపాలన రాదు కదండీ."

"అందుకే చెబుతున్నాను, ఈ ఒక్క సెషను అయ్యేదాకా లంకను కదలకుండా ఉండమను. లంక ప్రతినిధివి నువ్వేగా, ఆమాత్రం చెప్పుకోలేవూ?"

లంక కదలదని నేను రాతపూర్వకంగా హామీ ఇచ్చాను. ఆ మర్నాడే వీరవేణి పెరట్లో కరివేపాకు చెట్టు వెళ్లిపోయింది.

ఈ కబురు తెలిశాక నాలో లంక ప్రతినిధి తిరగబడ్డాడు. చర్చల నుంచి వాకౌట్ చేసి, కండువాతో సహా ఆఫీసు వరండాలో నిరాహారదీక్షకు కూర్చున్నాను. నూకరాజుకు ఏం చేయాలో పాలుపోలేదు. "సార్, తమరు బయట దీక్షలో ఉన్నారు కదా, ఎవరైనా ఫోన్ చేస్తే తమరు లోపల ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగాడు. ప్రభుత్వం పరిస్థితిని గమనిస్తోందని చెప్పమన్నాను. పత్రికలవాళ్లు వచ్చారు. వీరవేణి నా పక్కనే కూర్చుని తాటాకు విసనకర్రతో విసురుతూ, "పాపం మనోడేనండి ఈయన, కుర్చీ మారితేనే మాట మారిపోద్దండి" అని విలేకర్లకు చెప్పింది.

భోజనాల వేళకు ప్రభుత్వం దిగివచ్చింది. అంటే నేను లేచి, కండువా తీసి, లోపలికి వెళ్లి, నిమ్మరసం గ్లాసుతో బయటికి వచ్చాను. ఫొటో దగ్గర చిక్కొచ్చింది. "ఇచ్చేవారు, తాగేవారు ఒకే ఫ్రేములో ఉండాలి సార్" అని ఫొటోగ్రాఫరు పట్టుబట్టాడు. కండువాను ఎడమ భుజానికే పరిమితం చేసి, కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో పుచ్చుకున్నాను. తెల్లారి పత్రికలో ఆ ఫొటో చక్కగా పడింది. సభాసంఘాన్ని లంకకు పంపుతామన్న ప్రభుత్వ హామీతో దీక్ష విరమణ అని కింద రాశారు.

అన్నట్టే సభాసంఘం లాంచీలో బయల్దేరింది. అధ్యక్షులు కోటగిరి ధనంజయరావు గారు భారీ మనిషి, ఆయన ఎక్కిన వైపుకు లాంచీ ఒరిగితే మిగిలిన సభ్యులంతా రెండో వైపు కూర్చున్నారు. లంకలో దిగగానే ఆయన గోదావరిని చూసి కళ్లు తుడుచుకున్నారు.

"శతాబ్దాల చీకటిని చీల్చుకుని ఈ లంక మీద స్వయంపాలనా సూర్యుడు ఉదయించనున్నాడు! ఆ ఉషోదయాన్ని అడ్డుకునే శక్తి ఏ శక్తికీ లేదని ఈ సభాముఖంగా విస్పష్టంగా విజ్ఞప్తి చేస్తున్నాను!"

జనం చప్పట్లు కొట్టారు. తర్వాత అర్హత విచారణలో భాగంగా ఆయన వీరవేణిని అడిగారు. "అమ్మా, స్వపరిపాలన వస్తే ముందుగా ఏం చేస్తారు?"

"రాళ్లు పోసుకుంటావండి."

"మంచిది. ఆ తర్వాత?"

"ఆ తర్వాతేముందండి. బతుకుతావండి."

లంక ప్రజల్లో దార్శనికత కొరవడిందని సంఘం నమోదు చేసుకుంది. తర్వాత అసలు కార్యక్రమం. పెద్దలు ఎక్కడికైనా వెళితే అక్కడొక శిలాఫలకం వేయకుండా తిరిగి రారు, అది మనవైపు ఆచారం. నేరేళ్లలంక స్వపరిపాలనా సౌధానికి శంకుస్థాపన అని చెక్కించిన నల్లరాతి ఫలకం లాంచీలో వచ్చింది. స్పీకరు గారి పేరు, మంత్రివర్యుల పేరు, అధ్యక్షుల వారి పేరు పెద్దక్షరాల్లో ఉన్నాయి. ఒక రాయి కూడా చేర్చకూడదన్న చట్టం నాకు గుర్తుకొచ్చి, మాతో లాంచీలో వచ్చిన దక్షిణామూర్తి గారి చెవిలో వేశాను.

"శిలాఫలకం రాయి కాదయ్యా" అన్నారాయన. "అది ప్రభుత్వ ప్రకటన. గెజిట్ లాంటిది. కాకపోతే కాస్త బరువు."

ఫొటోలో వెనక గోదావరి పడాలన్నారు. అందుకని ఫలకాన్ని సరిగ్గా తూర్పు ఒడ్డున, వీరవేణి పెరటి అంచున నిలబెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. అధ్యక్షులు లాంచీ ఎక్కారు, మిగిలినవాళ్లు రెండో వైపు ఎక్కారు.

ఆ సంవత్సరం వరద ముందే వచ్చింది. ఒకరోజు పొద్దున్నే నేను ఆఫీసు తలుపు తీస్తుంటే వీరవేణి ఒగరుస్తూ వచ్చింది. పడవ దొరక్క ఇసుక తోలే బల్లకట్టు, అదే పంటు, పట్టుకుని వచ్చిందట.

"బాబూ, ధనంజయరావు గారు గోదాట్లో పడిపోయేలా ఉన్నారండి!"

"ఆయన లంకకు ఎప్పుడొచ్చారమ్మా?"

"ఆరు కాదండి, ఆరి పేరున్న రాయండి. కింద మట్టి కోసేసిందండి. ఓ పక్కకి ఒరిగిపోయి ఉందండి. స్పీకరు గారి పేరు దాకా నీళ్లొచ్చేసేయండి!"

నేను ఫోన్ చేశాను. అంతే. ఇల్లు పోతోందని నెలల తరబడి మొత్తుకుంటే కదలని సచివాలయం, పేరు తడిసిందనగానే లేచి నిలబడింది. సభ అట్టుడికిపోయింది. గౌరవ స్పీకరు గారి నామధేయాన్ని నదిలో ముంచడం సభాహక్కుల ఉల్లంఘన కాదా అని ప్రతిపక్షం నిలదీసింది. ఉల్లంఘనేనని అధికార పక్షం ఇంకా గట్టిగా అరిచింది. సభను వాయిదా వేసి అత్యవసర సమావేశం పెట్టారు.

నేను రెండు కుర్చీల తరఫునా హాజరయ్యాను. ఇంజనీర్లు, రాళ్లు పోయడం తప్ప వేరే మార్గం లేదన్నారు. అందరూ దక్షిణామూర్తి గారి వైపు చూశారు.

"పోయవచ్చు" అన్నారాయన తొణక్కుండా. "రాళ్లు లంకకు పోస్తే నేరం. ఫలకానికి పోస్తే ప్రభుత్వ ప్రకటన పరిరక్షణ. ఫలకం వెనక లంక ఉందంటే, అది లంక ఇష్టం."

ఆ మధ్యాహ్నానికే బండరాళ్లు నింపిన పంట్లు బారులు తీరి నేరేళ్లలంక చేరాయి. వర్షంలో గొడుగు పట్టించుకుని చీఫ్ ఇంజనీరు స్వయంగా నిలబడ్డాడు. ఇనప వలల్లో రాళ్లు కట్టి, వరసలు వరసలుగా దింపి, ఫలకానికి అటూ ఇటూ గట్టి గోడలా పేర్చారు. వీరవేణి పెరడు ఆ గోడ వెనక పడింది. ఇన్నాళ్లుగా పెరట్లోకి తోసుకొస్తున్న నీరు ఆ రాళ్లకు తగిలి పక్కకు తిరిగి పోవడం నేను కళ్లారా చూశాను. ఉద్యోగంలో అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు. ఏ ప్రతినిధి హోదాలో కలిగిందన్నది మాత్రం తేల్చుకోలేకపోయాను.

వీరవేణి సంతోషపడలేదు. ఒడ్డున నిలబడి నీటి సుడులను చూస్తూ చాలాసేపు ఆలోచించింది.

వరద తగ్గిన తర్వాత ఆఫీసుకు వచ్చింది. "ఇప్పుడెవరండి తమరు?"

"ఎవరు కావాలి?"

"ఇద్దరూ కావాలండి. తమరు మధ్యలో నిలబడితే చెప్తానండి."

నేను బల్ల పక్కన, రెండు కుర్చీలకూ సమానదూరంలో నిలబడ్డాను.

"మా ఇల్లు నిలబడిందండి, మీ దయ. కానండి, ఆ రాయి దాటాక పోలిశెట్టోరి పొలం దగ్గర కోత మొదలైందండి. అక్కడ కూడా ఓ పెద్దాయన్ని పెట్టుకోవాలనుందండి మాకు."

"పెద్దాయన్నా?"

"పేరున్నోరండి. ఏదో ఒకటి కడతావని చెప్పి రాయి పాతించాలండి. కట్టక్కర్లేదండి. కడతావని చెప్తే చాలండి."

నేను ఆవిడ ముఖంలోకి చూశాను. నవ్వుతోందేమో అనుకున్నాను, లేదు. అప్పుడు నాలో ఇద్దరు ప్రతినిధులూ ఒకేసారి ఒక్క మాట మీదకు వచ్చారు. ఉభయ పక్షాల మధ్య ఏకాభిప్రాయం కుదిరిందని నూకరాజు మినిట్స్‌లో రాసుకున్నాడు.

అప్పటికప్పుడు ఆహ్వానాలు వెళ్లాయి. నేరేళ్లలంక ప్రజలు మంత్రివర్యుల మీద అభిమానం ఆపుకోలేక, వారి కరకమలాలతో స్వపరిపాలనా శిక్షణాలయానికి శంకుస్థాపన జరగాలని కోరుతున్నారని లంక పక్షాన రాశాను. ప్రజాభీష్టాన్ని గౌరవిస్తున్నామని ప్రభుత్వ పక్షాన జవాబిచ్చాను. మంత్రిగారు వచ్చారు. పోలిశెట్టోరి పొలం దగ్గర ఫలకం లేచింది. ఫలకానికి ముందుజాగ్రత్తగా రాళ్లు కూడా దిగాయి, ఒకసారి పరువు పోయింది కనుక ఇప్పుడు ఎవరూ వరద దాకా ఆగడం లేదు.

ఆ ఫలకం మీద తమ పేరు కింద వేశారని ఉపమంత్రి అలిగారు. ఆయనకు విడిగా ఇంకొకటి వేశారు. పాలకపక్షానికి ఇన్ని రాళ్లా అని ప్రతిపక్షం గొడవ చేసింది. వాళ్లకు రేవు దగ్గర ఒకటి ఇచ్చారు. స్వపరిపాలనా ఉద్యానవనం, స్వపరిపాలనా గ్రంథాలయం, హెలిపాడు, రేపు స్వపరిపాలన వచ్చాక దాని చరిత్రను భద్రపరిచే ప్రదర్శనశాల, అన్నిటికీ శంకుస్థాపనలయ్యాయి. ఒక్కదానికీ పునాది తవ్వలేదు. అన్నీ విచిత్రంగా నీటి అంచునే వెలిశాయి, ఎందుకంటే వెనక గోదావరి పడకపోతే ఫొటో బాగుండదని వీరవేణి ప్రతివాళ్లకూ ముందే చెప్పేది.

ఫలకాలకు స్థలాలు చూపించేది కూడా ఆవిడే. వెదురుకర్రతో నీటి లోతు చూసి, నాకు రహస్యంగా చెప్పేది.

"ఇక్కడ వడి తక్కువండి. ఎమ్మెల్యే గారు సరిపోతారండి. ఆ మలుపు దగ్గర సుడి ఎక్కువండి, అక్కడ మంత్రిగారికి తక్కువైతే ఆగదండి."

ఆవిడ లెక్క అక్షరాలా నిజం. హోదాను బట్టి రాళ్లు మంజూరు చేసేలా ప్రోటోకాల్ విభాగం అప్పటికే ఉత్తర్వులిచ్చింది. ఒక మాజీ మంత్రికి రాళ్లు తక్కువ పడ్డాయని ఆయన అనుచరులు రాస్తారోకో చేస్తే, ఇంకో పంటు రాయి పంపారు. ఆ రాళ్లతో ఇంకొకరి కంద మడి నిలబడింది. తాము ఎవరి పేరు వెనక బతుకుతున్నామో లంకలో ప్రతివాడికీ తెలుసు. "మాది ఉపమంత్రి గారి వెనకాలండి" అని చిరునామా చెప్పుకోవడం మొదలైంది.

ఇంతలో సంవత్సరం చివరికొచ్చింది. బిల్లు ఆఖరి విడత సభకు వెళ్లింది. ఈసారి లంక కదల్లేదని, విస్తీర్ణం తగ్గలేదని నేను రెండు పక్షాల తరఫునా ప్రమాణం చేశాను. నిజంగానే ఆ జనానికి స్వపరిపాలన రావాలని అప్పటికి నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

దక్షిణామూర్తి గారు సర్వే కాగితం చూసి తల అడ్డంగా ఊపారు. "తగ్గలేదు, నిజమే. పెరిగింది."

"పెరిగిందా అండీ?"

"రాళ్ల వెనక మేట వేసింది. ట్రస్టు ఆస్తిని స్వీకరించినదానికంటే ఎక్కువగా అప్పగించడానికి చట్టంలో వీల్లేదు సుందరేశం. ఎక్కువైన భాగం ఎవరిది? దానికి ధర్మకర్త ఎవరు? దాంతో ఎవరు చర్చించాలి?" ఆయన కళ్లు మెరిశాయి. "నీకు ఇంకో పోస్టు అదనపు బాధ్యతలు ఇవ్వాల్సి రావచ్చు."

బిల్లు తిరిగి వచ్చింది. జనవరిలో ప్రభుత్వం కొత్త ఏడాదిని క్రమశిక్షణా సంవత్సరంగా ప్రకటించింది. స్వపరిపాలన అన్న మాట సభలో మళ్లీ వినిపించలేదు. పశువుల సంతకు ఇవ్వబోయినది కూడా రద్దు చేశారట.

ఈ కబురు కాగితం మీద పంపడానికి నాకు మనసొప్పలేదు. నేనే పడవెక్కి లంకకు వెళ్లాను. వీరవేణి పెరట్లో కొత్త పశువుల పాకకు తాటాకు కప్పిస్తోంది. మేటవేసిన చోట మెత్తటి ఒండ్రులో కంద మొలకలెత్తి ఉంది. ఇంటి గోడకు కొత్తగా సున్నం వేశారు. నిలబడే చెప్పేశాను. మీకు స్వపరిపాలన ఇప్పట్లో రాదమ్మా, మళ్లీ మొదటికొచ్చింది, మీ తరఫున నేను సరిగా పోరాడలేకపోయాను, అని.

వీరవేణి చేతులు దులుపుకుని వచ్చి, నాకు కుర్చీ వేసింది.

"ఆయ్, దానికేముందండి బాబూ, కూకోండి ముందు" అంది. "కొత్తేడు ఏదో పెట్టారంట కదండి, క్రమశిచ్చణో ఏదో. దానికి కూడా పెద్దోరుంటారు కదండి?"

"ఉంటారు."

"ఆరిని పడమటేపుకి తీసుకురండి. అక్కడ కోత గట్టిగా ఉందండి, కొంచెం పెద్ద పేరున్నోరిని చూడండి."